దక్కన్ యుద్ధాల్లో ఫిరంగులు, తిండిగింజలు ఎలా కదిలాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

గోల్కొండ కోటకు ఎవరిని తీసుకువెళ్లినా పేట్ల బురుజు మీదున్న ఫిరంగి దగ్గర నాకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది: "ఇంత బరువును ఇక్కడికి ఎలా తెచ్చారు?" ఏ యుద్ధంలో ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఫిరంగిని లాగిందెవరు, గుండ్లు మోసిందెవరు, ఆ లాగినవాళ్లకూ మోసినవాళ్లకూ తిండి ఎక్కడినుంచి వచ్చింది అన్నది మాత్రం ఉండదు. నా దృష్టిలో అసలు కథ అదే. కాకతీయుల కాలం నుంచి 1799లో శ్రీరంగపట్నం పడిపోయేదాకా దక్కన్‌లో, దాని చుట్టుపక్కల జరిగిన యుద్ధాల గురించి నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. చివర్లో ఒక్క జవాబు మాత్రం కశ్మీరు దాకా వెళ్తుంది.

ఒక పెద్ద ఫిరంగిని లాగడానికి ఎన్ని ఎడ్లు కావాలి?

ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ 1660లలో ఔరంగజేబు సైన్యం వెంట కశ్మీరు దాకా ప్రయాణించాడు. ఆ సైన్యంలో 70 పెద్ద ఫిరంగులు ఉన్నాయనీ, వాటిలో చాలావరకు ఇత్తడివనీ, కొన్నింటికి 20 జతల ఎడ్లు కట్టాల్సి వచ్చేదనీ రాశాడు. అంటే ఒక్క ఫిరంగికి 40 ఎడ్లు. అంతకంటే పెద్దవీ ఉన్నాయి. బీజాపూర్‌లోని మాలిక్-ఎ-మైదాన్ బరువు 55 టన్నులు. దాన్ని 1549లో అహ్మద్‌నగర్‌లో పోత పోశారు. 1632లో పరండా కోట నుంచి బీజాపూర్ తెచ్చినప్పుడు 400 ఎడ్లు, 10 ఏనుగులు, వందలమంది మనుషులు కలిసి లాగారని చెబుతారు.

లెక్క వినగానే అర్థం కాని కష్టం ఒకటుంది. 20 జతల ఎడ్లను ఒకే వరుసలో కడితే ఆ వరుస ఊరి వీధి అంత పొడవుంటుంది. ముందు జత మలుపు తిరిగేసరికి వెనక జత ఇంకా తిన్నగానే నడుస్తుంటుంది. మధ్యలో ఉన్నవాటిని మోకు పక్కకు ఈడుస్తుంది. ఒక్క ఎద్దు మొరాయించి మోకాళ్ల మీద కూలబడితే వరుస మొత్తం ఆగిపోతుంది. అందరు తోలేవాళ్లూ ఒకేసారి అదిలించాలి, అన్ని కాళ్లూ ఒకేసారి బిగియాలి. లేకపోతే బలమంతా ఎడ్ల మధ్యనే ఖర్చయిపోతుంది, చక్రం మాత్రం కదలదు.

చక్రం సంగతి కూడా చెప్పాలి. ఎడ్లబండి తోలిన ఇంటివాళ్లకు ఇది కొత్త కాదు. కుండ, ఆకులు, పూటీలు, చుట్టూ ఇనుప పట్టా, మధ్యలో ఇరుసు, ఇరుసు చివర శీల. ఇరుసుకు కందెన పెట్టకపోతే కర్ర కర్రతో రాసుకుని అరిగిపోతుంది. పల్లెల్లో గడ్డి కాల్చిన మసిని ఆముదంతో కలిపి కందెన చేసేవారు. మామూలు బండికే రోజూ ఆ సేవ తప్పదు. టన్నుల బరువు మోసే ఫిరంగి బండికి ఎంత జాగ్రత్త కావాలో ఊహించండి. ఎక్కుడు కంటే దిగుడు ఇంకా ప్రమాదం. బండి ఎడ్ల మీదికి దొర్లిపోకుండా వెనకనుంచి మోకులు పట్టుకుని మనుషులు వెనక్కి లాగుతూ దింపాలి.

బండ్లు, ఫిరంగులు లెక్కకు సరిపోయేవా?

బండ్లే ఎక్కువ ఉండేవి. 1520లో రాయచూరు దగ్గర బీజాపూర్ సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా మీద శ్రీకృష్ణదేవరాయలు గెలిచినప్పుడు చేతికి చిక్కినవాటి జాబితాను పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. పెద్ద ఫిరంగులు 400, వాటికి సంబంధించిన బండ్లు 900. నూనిజ్ సైనికుల లెక్కలు నమ్మలేనంత పెద్దవి కాబట్టి ఈ అంకెలను కూడా కొంచెం జాగ్రత్తగానే చూడాలి. కానీ ఒక ఫిరంగికి రెండుకు పైగా బండ్లు అన్న నిష్పత్తి మాత్రం సబబుగానే ఉంది. గొట్టం ఒక బండి మీద వెళ్తే గుండ్లు, తుపాకి మందు, పలుగులు, మోకులు వేరే బండి మీద వెళ్లాలి కదా.

అంత బరువు మోయడం ఎందుకు? వెళ్లిన చోటే తయారు చేసుకోవచ్చు కదా?

చేసుకున్నారు. చాలా మంచి ప్రశ్న ఇది.

ఫిరంగులు రాకముందు అదే పద్ధతి. 1309–10లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ ఓరుగల్లును ముట్టడించినప్పుడు కోట చుట్టుపక్కల చెట్లు నరికి శిబిరానికి కర్ర కంచె కట్టారని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. రాళ్లు విసిరే యంత్రాలకు ప్రధానంగా కావాల్సింది కలప, తాళ్లు, చేయి తిరిగిన వడ్రంగులు. వడ్రంగిని తీసుకువెళ్తే యంత్రాన్ని తీసుకువెళ్లినట్టే. తిరుగు ప్రయాణంలోనే అసలు బరువు ఎదురైంది. ప్రతాపరుద్రుడి నుంచి తీసుకున్న సొమ్మును వెయ్యి ఒంటెలు మూలుగుతూ మోశాయని ఖుస్రో వర్ణన. కవి మాట కాబట్టి వెయ్యిని అక్షరాలా తీసుకోనక్కర్లేదు.

ఫిరంగుల కాలంలో దీనికి మంచి ఉదాహరణ గండికోట. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లో పెన్నా లోయ పైనున్న ఆ కోటను పట్టుకున్నాడు. రెండేళ్ల తర్వాత అక్కడికి వెళ్లిన వజ్రాల వ్యాపారి తావెర్నియెకు, ఫ్రాన్సు నుంచి వచ్చిన క్లాడ్ మాయ్ అనే ఫిరంగుల పనివాడు కనిపించాడు. కోటలోనే కొత్త ఫిరంగులు పోత పోసే పని అతనికి అప్పగించారు. రాగి కోసం గుళ్ల నుంచి విగ్రహాలు తెప్పించారని తావెర్నియె చెబుతాడు. గండికోట లోయ అంచున నిలబడ్డవాళ్లకు ఆ నిర్ణయం వెనక కారణం వెంటనే తెలుస్తుంది. సిద్ధమైన ఫిరంగిని ఆ రాళ్ల మధ్యనుంచి ఎక్కించడం కంటే లోహాన్ని ముక్కలుగా మోయించడం ఎంతో తేలిక. ఆ ముక్కలు ఊళ్లవాళ్లు తరతరాలుగా పూజించిన విగ్రహాలు అన్న సంగతి తలచుకుంటే మాత్రం నాకు ఈరోజుకీ బాధ కలుగుతుంది.

మూడో దారి అక్బరుది. ప్రయాణంలో ముక్కలుగా విడదీసి, అవసరమైనప్పుడు మళ్లీ బిగించుకునే ఫిరంగి అతని దగ్గర ఉండేదని అతని ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు. చిన్నవాటికి పేర్లే మోసేవారిని బట్టి వచ్చాయి. ఏనుగు మోసేది గజ్‌నాల్, మనిషి మోసేది నర్‌నాల్. ఒంటె వీపు మీద బిగించి కాల్చే చిన్న ఫిరంగిని జంబూరక్ అనేవారు. బెర్నియర్ చూసిన సైన్యంలో అలాంటి ఒంటెలు రెండు మూడు వందలు ఉన్నాయి.

ఏనుగులతోనే లాగిస్తే సరిపోయేది కదా?

బలానికి సరిపోతుంది, భయానికి సరిపోదు. ఏనుగు తెలివైన జంతువు. గుండు వచ్చి పక్కన పడితే అక్కడ నిలబడదు. వెనక్కి తిరిగిందంటే తన సైన్యాన్నే తొక్కేస్తుంది. అందుకని ఏనుగుల చేత దారిలో పని చేయించుకుని, కాల్పులు మొదలయ్యే చోట ఎడ్లను కట్టేవారు. ఇంగ్లీషు సైన్యం 1878–80 ఆఫ్ఘన్ యుద్ధంలో కూడా ఈ పద్ధతే పాటించింది. దారి పొడుగునా ఏనుగులు, గుండ్లు పడే చోట ఎడ్లు.

ఏనుగు చేసిన అసలు మేలు లాగడం కాదు, నెట్టడం. బండి బురదలో దిగబడితే ఎడ్లు ముందునుంచి లాగుతుండగా ఏనుగు వెనకనుంచి నుదుటితో నెట్టేది, తొండంతో చక్రాన్ని ఎత్తేది. బెర్నియర్ దీన్ని కూడా చూసి రాశాడు.

గుర్రాలు ఎందుకు వాడలేదు?

వాడారు, తేలిక ఫిరంగులకు. ఔరంగజేబు వెంట ఎప్పుడూ నడిచే యాభై అరవై చిన్న ఇత్తడి ఫిరంగులు ఉండేవి. రంగులు వేసిన చక్కటి బండ్లు, ఒక్కోదానికి రెండు మందు పెట్టెలు, లాగడానికి రెండు గుర్రాలు, అలసట తీర్చడానికి పక్కనే మూడో గుర్రం. కానీ మంచి గుర్రం సముద్రం దాటి రావాలి, ఖరీదు ఎక్కువ, దాణా ఖర్చు ఎక్కువ. ఎద్దు మన నేల మీద పుట్టింది, ఎండు చొప్ప తిని కూడా బతుకుతుంది.

ఎద్దు అంటే అన్ని ఎడ్లూ ఒకటి కాదు. మైసూరు రాజులు పెంచిన అమృతమహల్ పశువులు వేరే తరగతి. 17వ శతాబ్దం చివర చిక్క దేవరాజ ఒడయరు కాలంలో ఆ మందలకు ప్రత్యేక శాఖ ఏర్పడింది. దానికి అమృతమహల్ అన్న పేరు టిప్పు కాలంలో స్థిరపడింది. పొడవాటి కొమ్ములు, సన్నటి ఒళ్లు, గట్టి గిట్టలు, వేగమైన నడక. ఈ ఎడ్లతోనే హైదర్ అలీ రెండున్నర రోజుల్లో 100 మైళ్లు నడిచి చిదంబరం చేరాడని మైసూరు చరిత్రల్లో రాసిపెట్టారు. 1799 తర్వాత ఆ మందలు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాయి. తర్వాత వెల్లింగ్టన్ ప్రభువుగా పేరుపొందిన ఆర్థర్ వెల్లెస్లీ దక్కన్ నుంచి రాసిన ఉత్తరాల్లో శత్రువు గురించి ఎంత ఉంటుందో ఎడ్ల గురించి కూడా అంత శ్రద్ధ కనిపిస్తుంది. ఎద్దు బాగుంటేనే సైన్యం వేగంగా కదులుతుందని అతనికి ఇక్కడే తెలిసింది.

1803 సెప్టెంబర్ 23న అస్సయే దగ్గర మరాఠాల ఫిరంగులు అతని ఎడ్లను, వాటిని తోలేవాళ్లను కుప్పకూల్చాయి. తన ఫిరంగులను అక్కడే వదిలేసి కాలిబలంతోనే ముందుకు వెళ్లాల్సి వచ్చింది. గెలిచాడు నిజమే, ప్రాణనష్టం మాత్రం చాలా ఎక్కువ.

సైన్యానికి తిండి ఎవరు మోసేవారు?

ఈ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తుంటాను.

బంజారాలు మోశారు. మన దగ్గర లంబాడీలు, సుగాలీలు అని పిలిచేది వీళ్లనే. సముద్ర తీరం నుంచి ఉప్పు లోపలి ఊళ్లకు, లోపలినుంచి ధాన్యం, పత్తి బయటికి మోయడం వాళ్ల వృత్తి. బండి వెళ్లలేని దారిలో కూడా పెరికెద్దు వెళ్తుంది. వీపుకు రెండు వైపులా సమానంగా వేలాడే పెరికలో ఒక్కో ఎద్దు 70 కిలోల పైచిలుకు మోసేది. ఒక తండాలో వేల ఎడ్లు ఉండేవి. నాయకుడి మాట మీద తండా నడిచేది. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, కుక్కలు అందరూ ఎడ్లతోనే. ముందు నడిచే ఎద్దుకు గంటలు, గవ్వల అలంకారం. రాత్రి మకాం వేసినప్పుడు దించిన పెరికలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి చుట్టూ గోడలా కట్టుకునేవారు. ఆ ధాన్యపు గోడ మధ్యలో సంసారం.

వాళ్లు ఏ రాజుకూ జీతగాళ్లు కారు. ధాన్యం కొని, సైన్యం బజారుకు తెచ్చి అమ్మేవారు. వాళ్లను దోచుకుంటే రేపు ఎవరూ గింజ తేరు. ఆ సంగతి తెలుసు కాబట్టి రెండు పక్షాలవాళ్లూ సాధారణంగా తండాల జోలికి వెళ్లేవారు కాదు. షాజహాన్ మంత్రి ఆసఫ్ ఖాన్ దక్కన్ మీదికి వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే ఇద్దరు నాయకులు 1,80,000 ఎడ్లతో సైన్యానికి ధాన్యం తెచ్చారని బంజారాలు తరతరాలుగా చెప్పుకుంటారు. నీళ్లు కావాలంటే ఎవరి కుండ నుంచైనా, గడ్డి కావాలంటే ఎవరి ఇంటి కప్పు నుంచైనా తీసుకోవచ్చని, రోజుకు మూడు హత్యల దాకా క్షమిస్తామని వాళ్లకు రాగి రేకు రాసిచ్చారట. ఆ రాత మాట ఎలా ఉన్నా, సైన్యం వాళ్ల మీద ఎంతగా ఆధారపడిందో ఈ కథ చెప్పకనే చెబుతుంది.

దాణా లెక్క ఒకసారి వేసి చూడండి. 72 కిలోల ధాన్యం మోసే ఎద్దుకు రోజూ అందులోంచే మూడు కిలోలు పెడితే 24 రోజుల్లో మోసిందంతా అదే తినేస్తుంది. అందుకని దారిలో పచ్చిక దొరకాలి. బంజారాలకు ఏ నెలలో ఏ దారిలో గడ్డి ఉంటుందో, ఏ చెరువులో నీళ్లు మిగులుతాయో తెలుసు. ఏ సేనాని పటంలోనూ ఆ వివరాలు లేవు.

ఆ తర్వాత ఏమైంది? బండ్ల దారులు, రైళ్లు వచ్చాయి. పెరికెద్దు బతుకు పోయింది. ఒకప్పుడు సేనానులు బతిమాలి పిలిపించుకున్న మనుషులను అదే ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద జాబితాకెక్కించింది. తెలంగాణలో, రాయలసీమలో ఉన్న తండాలను చూసినప్పుడు ఈ అన్యాయాన్ని నేను మరిచిపోలేను. తండా అన్న మాటకు మొదట అర్థం ఊరు కాదు, కదిలే ఎడ్ల గుంపు.

ఎడ్లు చచ్చిపోతే యుద్ధం ఆగిపోయేదా?

ఆగిపోయేది. 1791 మే నెలే సాక్ష్యం.

ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ బెంగళూరు పట్టుకుని టిప్పు రాజధాని శ్రీరంగపట్నం మీదికి వెళ్లాడు. మే 15న అరకెరె దగ్గర యుద్ధం గెలిచాడు. కోట కళ్లెదుటే ఉంది. కానీ వానలు మొదలయ్యాయి, కావేరి పొంగుతోంది, దారి పొడుగునా గడ్డిని టిప్పు మనుషులు ముందే లేకుండా చేశారు. ఎడ్లు వేలకొద్దీ చచ్చిపోయాయి. మిగిలినవి నిలబడలేకపోతున్నాయి. ఎడ్లు లేక సిపాయిలే ఫిరంగుల మోకులు భుజాన వేసుకుని లాగారు. చివరికి కోట గోడలు పగలగొట్టడానికి మద్రాసు వైపు నుంచి అంత శ్రమపడి తెచ్చిన పెద్ద ఫిరంగులను కార్న్‌వాలిస్ తన చేతులతోనే పాడుచేయించి వెనుదిరిగాడు. గెలిచిన యుద్ధం తర్వాత వెనుదిరగడం అంటే ఇదీ. తిరుగుదారిలో మరాఠా సైన్యం అనుకోకుండా ఎదురుపడింది. ఆకలితో నకనకలాడుతున్న ఇంగ్లీషు సిపాయిలు మరాఠా బజారులో చెప్పిన ధర ఇచ్చి గింజలు కొనుక్కున్నారు.

ఆ వానాకాలంలో కార్న్‌వాలిస్ పాఠం నేర్చుకున్నాడు. అలెగ్జాండర్ రీడ్ అనే కెప్టెన్ ఆంబూరు నుంచి బంజారా నాయకులతో మాట్లాడి తండాలను సైన్యానికి తిప్పాడు. 1792 ఫిబ్రవరిలో అదే సైన్యం నిండు గింజలతో మళ్లీ శ్రీరంగపట్నం ముందు నిలబడింది. మార్చిలో టిప్పు సగం రాజ్యం వదులుకుని సంధి చేసుకున్నాడు. ఈ రెండు దండయాత్రల మధ్య సేనాని మారలేదు, శత్రువు మారలేదు. ఎడ్లు మారాయి.

ఘాట్లు ఎలా ఎక్కించేవారు?

అదే 1791 ఫిబ్రవరిలో కార్న్‌వాలిస్ ఆంబూరు వైపు వెళ్తున్నట్టు నటించి ఉత్తరానికి తిరిగి, చిత్తూరు మీదుగా మొగిలి ఘాట్ ఎక్కాడు. ఇప్పుడు చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లే బస్సు ఆ ఘాట్‌నే ఎక్కుతుంది. ముందు దారి చేసేవాళ్లు వెళ్లి బండలు పగలగొట్టి, పొదలు నరికి, వంకలు పూడ్చాలి. మొఘల్ సైన్యాల్లో ఈ పని చేసేవాళ్లను బేల్దార్లు అనేవారు. మద్రాసు సైన్యంలో 1780లో దీనికోసమే పయనీర్ల దళాలు పుట్టాయి. ఆ దళాల వారసులే ఇప్పటి మద్రాస్ శాపర్స్, అంటే మన సైన్యంలో దారులు, వంతెనలు కట్టే ఇంజనీరు దళం. వాళ్ల గురించి కింద మళ్లీ చెబుతాను.

నదులు దాటేదెలా?

వీలైతే నీళ్లు తగ్గేదాకా ఆగేవారు. దసరా తర్వాత దండు బయలుదేరడం వెనక ఉన్న కారణం ఇదే. వానలు తగ్గుతాయి, రేవులు తేలుతాయి, గడ్డి ఎదిగి ఉంటుంది.

ఆగలేకపోతే పుట్టి. వెదురు తడికతో బుట్టలా అల్లి బయట తోలు కప్పిన గుండ్రటి పడవ. విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పయస్ ఆనెగొంది దగ్గర వీటిలో పదిహేను ఇరవై మంది దాటేవారని రాశాడు. గుర్రాలు, ఎడ్లు చాలావరకు పక్కనే ఈదుకుంటూ వచ్చేవి. పుట్టికి ముందూ వెనకా లేవు, తెడ్డు వేస్తే గిరగిరా తిరుగుతుంది, అయినా బరువు మోస్తుంది, లోతు తక్కువ నీళ్లలో కూడా తేలుతుంది. 1803లో వెల్లెస్లీ తన సైన్యం కోసం ఇలాంటి తోలు పుట్టీలనే చేయించాడు. కృష్ణా తీరంలో చేపలు పట్టేవాళ్ల దగ్గర పుట్టి ఈరోజుకీ కనిపిస్తుంది. ఇప్పుడు తోలు బదులు ప్లాస్టిక్ పట్టా, తారు.

సముద్రం మీదుగా తెచ్చినవి తీరానికి ఎలా చేరేవి?

కోరమండల్ తీరంలో ఓడ ఒడ్డుకు రాలేదు, అలలు విరిగే చోటికి అవతలే ఆగాలి. అక్కడినుంచి మసూలా పడవలు సరుకు దించేవి. వాటి పలకలను మేకులతో కాదు, కొబ్బరి పీచు తాడుతో కుడతారు. అల కొట్టినప్పుడు విరగకుండా ఒంగుతాయి. 1758 అక్టోబర్‌లో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ కలకత్తా నుంచి ఓడల్లో విశాఖపట్నం చేరాడు. డిసెంబర్ 7న పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పట్టుకున్నాడు. చందుర్తి నుంచి మచిలీపట్నానికి వెంటనే కదలలేకపోయాడు. విజయనగరం రాజు ఆనందరాజు ఇస్తానన్న సొమ్ము చేతికి అందకపోవడం అందుకు ముఖ్య కారణం. డబ్బు లేకపోతే ఎడ్లూ రావు, కూలీలూ రారు.

తుపాకి మందు మోయడంలో ప్రమాదాలు జరగలేదా?

జరిగాయి, ఘోరమైనవి. 1780 సెప్టెంబర్ 10న కాంచీపురం సమీపంలోని పొల్లిలూరు దగ్గర ఇంగ్లీషు కల్నల్ బెయిలీ దళాన్ని హైదర్, టిప్పు చుట్టుముట్టారు. యుద్ధం మధ్యలో బెయిలీ మందు బండ్లు పేలిపోయాయి. ఆ దళం దాదాపు పూర్తిగా చచ్చిపోవడమో, బందీ కావడమో జరిగింది.

ఆ యుద్ధంలోనే మైసూరు రాకెట్లు పేరుపొందాయి. అరచేతికంటే కొంచెం పొడవైన ఇనుప గొట్టం నిండా మందు, దానికి కట్టిన నాలుగడుగుల వెదురు బద్ద. రవాణా దృష్టితో చూస్తే వాటి గొప్పతనం ఇంకా బాగా తెలుస్తుంది. ఫిరంగికి 40 ఎడ్లు కావాలి. రాకెట్లను మనిషి చేత్తో పట్టుకుని పరుగెత్తగలడు, ఒంటె మీద కట్టలు కట్టలుగా వేయవచ్చు.

సిపాయి తన సామాను తానే మోసేవాడా?

తుపాకి, మందు, గుండ్లు, ఒక మూట వరకే. మిగతావన్నీ వెంట నడిచేవాళ్లే మోసేవారు. వాళ్ల సంఖ్య సిపాయిల కంటే ఎప్పుడూ ఎక్కువే. గడ్డి కోసేవాళ్లు, గుడారాలు వేసేవాళ్లు, డోలీలు మోసేవాళ్లు, చాకళ్లు, బజారు వర్తకులు, తోలు తిత్తులతో నీళ్లు మోసే భిస్తీలు. రాయచూరు దండయాత్రలో దప్పికతో ఎవరూ చావకూడదని రాయలు దారి పొడుగునా తిత్తులతో వేలమందిని నిలబెట్టాడని నూనిజ్ రాశాడు.

మనవాళ్లకు సంబంధించిన మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. ఉత్తర భారతంలో చాలాకాలం సిపాయిలను "తిలంగా" అని పిలిచేవారు. బెంగాల్‌కు ఈస్టిండియా కంపెనీ మొదట తీసుకువెళ్లిన సిపాయిలు మద్రాసు వైపు నుంచి వెళ్లినవాళ్లు కావడంతో ఆ పేరు నిలిచిపోయింది. 1857లో కూడా ఢిల్లీలో వాడుకలో ఉంది.

ఔరంగజేబు దగ్గర అన్నీ ఉన్నాయి కదా, గోల్కొండకు ఎనిమిది నెలలు ఎందుకు పట్టింది?

1687 జనవరి చివర వచ్చినవాడు సెప్టెంబర్ దాకా వానల్లో ఇరుక్కున్నాడు. మంజీర పొంగి ధాన్యం రావడం ఆగిపోయింది. మట్టితో కట్టిన ఫిరంగి దిబ్బలు కూలిపోయాయి. గోడ కింద పెట్టిన మందు పాతరలు తన మనుషుల మీదే పేలాయి. శిబిరంలో కరువు, రోగాలు. కందకం పూడ్చడానికి మట్టి నింపాల్సిన గుడ్డ సంచుల్లో మొదటిదాన్ని ఔరంగజేబు స్వయంగా కుట్టాడని ఆనాటి చరిత్రకారులు రాశారు. అప్పటికి అతనికి దాదాపు 70 ఏళ్లు. ఇంత చేసినా గోడ పడలేదు. సెప్టెంబర్ 21 రాత్రి లంచం తిన్న అబ్దుల్లా ఖాన్ పన్నీ లోపలినుంచి తలుపు తీశాడు. దానికి ఎద్దు అవసరం రాలేదు, లంచం సంచి మోయడానికి ఒక్క మనిషి చాలు.

ఇంజిన్లు వచ్చాక ఈ కష్టాలు పోయాయా?

కొండల్లో పోలేదు. ఇంగ్లీషు సైన్యం కంచరగాడిదల మీద మోసే ఫిరంగులు చేసింది. గొట్టాన్ని రెండు ముక్కలుగా విప్పి, మళ్లీ మర బిగించేవారు. అక్బరు ఆలోచనే అది, మూడు వందల ఏళ్ల తర్వాత.

1948లో కశ్మీరులోని జోజి లా కనుమ దగ్గర మన సైన్యానికి అదే సమస్య ఎదురైంది. దాదాపు 3,500 మీటర్ల ఎత్తు, కంచరగాడిదలు నడిచే సన్నటి దారి. మద్రాస్ శాపర్స్ ఆ దారిని బల్తాల్ నుంచి పైకి వెడల్పు చేశారు. 7వ లైట్ కావల్రీ స్టువర్ట్ ట్యాంకుల పైభాగాలను విప్పి, కప్పి, ఎవరికీ తెలియకుండా అక్కడికి చేర్చారు. నవంబర్ 1న జనరల్ తిమ్మయ్య నాయకత్వంలో ఆ ట్యాంకులు కనుమ దాటాయి. 1780లో మద్రాసులో పుట్టిన ఆ దళాలే 1948లో మంచులో దారి వేశాయని చదివినప్పుడు ఒళ్లు పులకరించింది.

ఇవన్నీ చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

గోల్కొండలో పేట్ల బురుజు మీద ఫతే రహ్‌బర్, మూసా బురుజు మీద అజ్దహా పైకర్ ఉన్నాయి. రెండూ ఔరంగజేబు కాలపువే, మీద పారసీ అక్షరాలు ఉంటాయి. ఎక్కువమంది ధ్వని వినడానికి చప్పట్లు కొట్టి, కొండ మీదున్న బారాదరి మండపం ఎక్కి దిగిపోతారు. ఈ బురుజులు బయటి కోట గోడ మీద ఉన్నాయి కాబట్టి వాటికోసం విడిగా సమయం పెట్టుకోండి. బీజాపూర్‌లో మాలిక్-ఎ-మైదాన్ బురుజు మీదే ఉంది. గండికోటలో లోయ దగ్గర ఫొటోలు తీసుకున్నాక జామియా మసీదు పక్కనున్న ధాన్యాగారం లోపలికి కూడా ఒకసారి వెళ్లండి. అంత పెద్ద గది నిండాలంటే ఎన్ని పెరికెడ్లు ఆ కొండ ఎక్కి ఉండాలో పిల్లల చేత లెక్క వేయించండి. ఒక్కో ఎద్దుకు 70 కిలోలు.